కోఠి రెసిడెన్సీ: సున్నం గోడకు సిమెంటు పూయకండి

వేదిక మీది పెద్దలకూ, విద్యార్థినులకూ నమస్కారం. సమయం తక్కువ, నేరుగా విషయానికొస్తాను.

కోఠి రెసిడెన్సీ చరిత్ర చెప్పమన్నారు. నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి, అంటే రెసిడెంటు, జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ 1803 ప్రాంతంలో పని మొదలుపెట్టించాడు. నక్షా మద్రాసు ఇంజనీరు శామ్యూల్ రసెల్ గీశాడు, ఖర్చు నిజాం ఖజానా భరించింది. కిర్క్‌పాట్రిక్ 1805లోనే కలకత్తాలో పోయాడు. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ కంపెనీ మీద తిరగబడి, జనాన్ని వెంటబెట్టుకుని దాడి చేసింది దీని మీదే. 1949లో మహిళా కళాశాల ఇందులోకొచ్చింది, ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరున విశ్వవిద్యాలయం. కిర్క్‌పాట్రిక్, ఖైరున్నిసాల ప్రేమకథ మీరంతా విన్నదే, దాని జోలికి పోను.

ఎందుకంటే అసలు చెప్పాల్సింది వేరే ఉంది. ఆ ఆరు ఎత్తయిన స్తంభాలూ, దర్బారు హాలూ, మెట్ల పక్క సింహాలూ అందరికీ కనిపిస్తాయి. ఇన్నేళ్ళూ గోడను నిలబెట్టిన సున్నం మాత్రం ఎవరి కంటికీ ఆనదు. ఈ చుట్టుపక్కల పాత మేడలున్నవాళ్ళు ఈ సభలోనే ఉంటారు, మీరు ముఖ్యంగా వినాలి.

సున్నపు గోడ తేమను పీల్చుకుంటుంది, మళ్ళీ బయటికి వదిలేస్తుంది. పెచ్చు ఊడిందని దాని మీద సిమెంటు కొడితే తేమకు దారి మూసుకుపోతుంది. నీళ్ళు లోపలే పైకెక్కి, సిమెంటు ఆగిన చోట బయటపడతాయి. వాటితో వచ్చిన ఉప్పు తెల్లగా పొంగి ఇటుకను పిండి చేస్తుంది. వేలితో గీకితే ఎర్రటి పొడి రాలుతుంది, చూడండి. గోడలో దూర్చిన దూలం కొస కూడా ఆ తేమకే కుళ్ళుతుంది. సిమెంటు పని మొదటి ఏడాది బాగానే కనిపిస్తుంది, అదే మోసం.

మరి ఏం చేయాలి? మంచి రాతి సున్నం నీళ్ళలో చల్లార్చి కనీసం మూడు వారాలు గుంటలో నానబెట్టండి. తొందరపడితే, చల్లారని పలుకులు గోడ మీదికెక్కాక ఉబ్బి పొక్కులు లేస్తాయి. ఒక పాలు సున్నానికి రెండున్నర, మూడు పాళ్ళ కడిగిన ఇసుక. ఈ రెంటినీ సున్నపు గానుగలో వేసి తిప్పితే మేలు. కరక్కాయ నానిన నీళ్ళూ, బెల్లం నీళ్ళూ కలపడం మన మేస్త్రీల పాత పద్ధతే. గోడను ముందే తడపండి. ఒక్కో పూత అరంగుళం దాటకూడదు. తర్వాత కనీసం పది రోజులు తడి గోనెలు కప్పి ఉంచండి. ఎండలో ఒక్కసారిగా ఆరిందా, నెర్రెలిస్తుంది.

ఇంకొకటి, రావి మొక్క! పిట్టగోడ పగుల్లో మొలిచిందని పట్టి లాగేయకండి. వేరుతో పాటు ఇటుకలూ వచ్చేస్తాయి. కాండం మొదట్లో కోసి, వేరు చచ్చేదాకా మందు వేసి, అప్పుడు సందు సున్నంతో నింపండి. వానలకు ముందు మిద్దె మీది తూములు శుభ్రం చేయించండి. దీనికి నిధులు రావాలని ఎదురుచూడక్కర్లేదు, ఒక మనిషీ ఒక నిచ్చెనా చాలు.

ఇంటికి మరమ్మతు తలపెట్టినవాళ్ళు పాత పూత ముక్క ఒకటి, గుప్పెడంత, పారేయకుండా దాచండి. పలుచని ఆసిడ్‌లో వేస్తే సున్నం కరిగి ఇసుక మిగులుతుంది. మీ ఇంటి పాళ్ళు దాన్నిబట్టే తెలుస్తాయి. మేస్త్రీతో బేరం ఆ తర్వాత పెట్టుకోండి.