పాలకు తోడు పెట్టినంత మామూలుగా సెల్ఫ్ కేర్

నమస్కారం. ఈ వీడియో చేయడానికి విసుగు కూడా ఒక కారణమని ముందే ఒప్పుకుంటున్నాను. సెల్ఫ్ కేర్ అన్న మాట ఎక్కడ వినిపించినా పక్కనే ఒక సువాసనల కొవ్వొత్తి, ముఖానికి పూత, వారాంతపు రిసార్టు కనిపిస్తున్నాయి. వాటిని చూసి కొందరు ఇది డబ్బున్నవాళ్ల సరదా అనుకుని పక్కన పెడుతుంటే, మరికొందరు ఏడాదికొకసారి ఆ సరదా తీర్చుకుని, తమ ఒంటి పట్ల తమ బాధ్యత తీరిపోయిందని నమ్ముతున్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనంలో కొవ్వొత్తులు లేవు. ఆరోగ్య కార్యకర్త సాయం ఉన్నా లేకపోయినా, మనుషులూ కుటుంబాలూ సమాజాలూ తమ ఆరోగ్యాన్ని కాపాడుకోవడానికి, జబ్బును రాకుండా చూసుకోవడానికి, వచ్చినదాన్ని తట్టుకోవడానికి ఉన్న సామర్థ్యాన్నే ఆ సంస్థ స్వీయ సంరక్షణ అంటోంది. వేళకు వేసుకున్న బీపీ మాత్ర ఆ లెక్కలోకి వస్తుంది, ఊటీ ప్రయాణం వస్తుందో రాదో చెప్పడం కష్టం. అంతర్జాతీయ స్వీయ సంరక్షణ దినంగా జులై 24ను ఎంచుకోవడంలో కూడా రోజుకు 24 గంటలు, వారానికి 7 రోజులు అన్న లెక్కే ఉంది. అలాంటి తేదీని సైతం మనం ఏడాదికొక్కసారి శుభాకాంక్షలు పంపుకోవడానికే వాడుకుంటామన్నది నా అనుమానం.

ప్రతిరోజూ చేయడమంటే ఏమిటో వివరించడానికి పాలకు తోడు పెట్టడాన్ని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. రాత్రి అన్నాలయ్యాక, వంటింటి లైటు ఆర్పేముందు, పాలగిన్నెకు వేలు ఆనించి చూసి, గోరువెచ్చగా ఉంటే చెంచాడు పెరుగు వేసి కలిపి మూతపెడతారు. ఆ పూట ఉత్సాహంగా ఉందా అని ఆ మనిషిని ఎవరూ అడగరు, ఆమె కూడా తనను తాను అడుగుకోదు. చుట్టాలు వచ్చిన రాత్రీ, కరెంటు పోయిన రాత్రీ, ఒంట్లో నలతగా ఉన్న రాత్రీ గిన్నెలో తోడు పడుతూనే ఉంటుంది.

అది మరిచిపోకుండా జరగడానికి కారణం దానికి రోజులో ఒక చోటు ఉండడమే: అన్నాలయ్యాయంటే తోడు పెట్టాలన్నమాట. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ ఎన్నో ఏళ్లు పరిశోధించినది ఈ ముడి గురించే. “ఇకనుంచి ఆరోగ్యం చూసుకోవాలి” అని ఊరికే అనుకున్నవారికంటే, “ఫలానాది జరగగానే ఫలానా పని చేస్తాను” అని ముందే నిర్ణయించుకున్నవారు అనుకున్నది చేసే అవకాశం ఎక్కువని ఆ పరిశోధనలు చెబుతున్నాయి.

ఇది మా ఇంట్లోనే చూశాను. మా అమ్మ రోజూ నాన్నగారి మాత్రలు లెక్కపెట్టి చిన్న స్టీలు గిన్నెలో పోసి ఇస్తుంది కానీ, తనకు డాక్టరు రాత్రిపూట వేసుకోమన్న బీపీ మాత్ర సంగతి మాత్రం మరిచిపోతుంది. 15 మాత్రల పట్టీ తెచ్చిన 15 రోజులకు చూస్తే అందులో ఇంకా 6 మిగిలే ఉన్నాయి. ఫోనులో అలారం పెట్టి ఇస్తే, వడ్డన మధ్యలో మోగిందని మోచేత్తో నొక్కి ఆపేసింది. చివరికి ఆ పట్టీని తోడు గిన్నె మూతకు రబ్బరు బ్యాండుతో కట్టాము. మూత తీయాలంటే పట్టీని పట్టుకోక తప్పదు కనుక, పాలకు తోడు వేయడం, తాను మాత్ర వేసుకోవడం ఒకే పని అయిపోయాయి. తర్వాతి పట్టీ 15 రోజులకు సరిగ్గా అయిపోయింది.

తోడు పెట్టడంలో మనకు పనికివచ్చే సంగతి ఇంకొకటి ఉంది. పాలు మరీ కాగిపోయి ఉన్నప్పుడు తోడు వేస్తే పెరుగులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది, మరీ చల్లగా ఉంటే తెల్లారినా పాలు పాలలాగే ఉంటాయి. జనవరి 1న జిమ్‌లో ఏడాది చందా కట్టి, తెల్లవారుజామున 4 గంటలకు లేచి, అన్నం మానేసేవారి ఉత్సాహం కాగిన పాలలాంటిది. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, పంచి చూస్తే అది రోజుకు 22 నిమిషాలు కూడా కాదు. ఇప్పటిదాకా నడక అలవాటు లేనివారు పిల్లలను బడి బస్సు ఎక్కించాక 10 నిమిషాలు నడిచి ఇంటికి రావడంతో మొదలుపెట్టినా, అది చెంచాడు తోడు కిందే లెక్క.

ఇక 21 రోజుల్లో అలవాటు అయిపోతుందనే మాట నన్ను అన్నిటికంటే ఎక్కువ చికాకు పెడుతుంది. అమెరికాలో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ తన రోగులకు మారిన ముఖం అలవాటు పడడానికి కనీసం 21 రోజులు పడుతోందని 1960లో రాశారు. కాలక్రమంలో అందులోని “కనీసం” జారిపోయింది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. అందులో ఒక పని అలవాటుగా స్థిరపడడానికి పట్టే కాలం మనిషినిబట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంటుందని తేలింది, మధ్యస్థ విలువ 66 రోజులు. చలికాలంలో పెరుగు ఆలస్యంగా తోడుకుంటే మనం పాలను తిట్టము, మూత తీసి గిన్నెను మాటిమాటికీ కదపము. మధ్యలో ఒక్కరోజు తప్పితే అలవాటు పెద్దగా దెబ్బతినదని కూడా ఆ అధ్యయనం చెప్పింది. నిన్న తప్పింది కాబట్టి మొత్తం పోయిందనుకునేవారు ఈ ఒక్క వాక్యాన్ని రాసిపెట్టుకోవచ్చు.

ఇంతకూ తోడుకు చెంచాడు మిగిల్చేది ఎవరు? అందరికీ వడ్డించి, చివరికి గిన్నె ఊడ్చి తాను మజ్జిగ కలుపుకున్న మనిషికి మర్నాటికి తోడు ఉండదు. 2024 నాటి జాతీయ సమయ వినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారని, ఆ పని చేసే పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ఈ లెక్క ఉన్న ఇంట్లో కూర్చుని “నీకంటూ కొంత సమయం కేటాయించుకో” అని సలహా ఇవ్వడం, నా దృష్టిలో, ఆమె నెత్తిన ఇంకో పని పెట్టడమే. ఆ 289 నిమిషాల్లో ఒక అరగంట మరొకరు తీసుకుని అంట్లు తోమితే సలహా అవసరమే ఉండదు.

సమయం మించిపోతోంది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. పెద్దలకు రాత్రి కనీసం 7 గంటల నిద్ర కావాలి, దానికి ముడి వేయడానికి ఫోను ఛార్జరును పడకగది బయట పెట్టడం ఒక దారి. 30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగరు, నోటి క్యాన్సరు పరీక్షలతోపాటు స్త్రీలకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉన్నాయి, వాటిని పుట్టినరోజు నెలకు ముడిపెడితే గుర్తుంటుంది. తోడు అసలే అయిపోయిన రోజున గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లడానికి మనం సిగ్గుపడము. మనసు బాగాలేని రోజులకు అలాంటి పక్కిల్లు టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ, నంబరు 14416, ఏ వేళలోనైనా ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.