ఇంట్లోని సర్వర్‌కు వీధి తలుపు

(అనంతపురంలో డిగ్రీ విద్యార్థుల, అధ్యాపకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

మా నాన్నగారు రైతు. కళ్యాణదుర్గం దగ్గరి మా పల్లెలో ఇంటి ముందు వర్షమాపకం పెట్టుకొని, ప్రతిరోజూ ఉదయం ఎనిమిదిన్నరకు అందులోని నీటిని కొలిచి లెక్కల పుస్తకంలో రాసుకోవడం ఆయనకు ఏళ్లనాటి అలవాటు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన పడే ప్రాంతంలో, ఏ కార్తెలో ఎంత కురిసిందో, వేరుశనగ విత్తడానికి పదును ఎప్పుడు అయిందో చెప్పే ఆ పుస్తకాలు పెట్టెలో పడి ఉండడం నాకు నచ్చలేదు. సాయినగర్‌లోని మా ఇంట్లో ఒక పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఎక్కించి, పుస్తకాల పుటలన్నీ స్కాన్ చేసి, వెబ్‌సైట్ ఒకటి తయారుచేశాను. అందుకు రెండు రోజులు పట్టింది. ఆ సైటు మా గడప దాటి బయటి ఫోనులో కనిపించడానికి మూడు వారాలు పట్టింది. ఈ రోజు నేను మాట్లాడేది ఆ మూడు వారాల గురించి.

ఏడాదికి కొంత సొమ్ము కడితే సైటును ఉంచుకోవడానికి హోస్టింగ్ దొరుకుతుంది కదా అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. సైటు నడవడం ఒక్కటే మీకు ముఖ్యమైతే నిస్సందేహంగా ఆ దారినే వెళ్లండి. ఇంటర్నెట్ అనేది మన ఇంటి గోడ దగ్గర ఎలా ఆగుతుందో, ఎలా లోపలికి వస్తుందో చేతితో పట్టుకొని చూడాలనుకునేవారికే ఈ మాటలు.

మన ఇంట్లోని ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్ అన్నింటికీ రౌటర్ 192.168తో మొదలయ్యే అడ్రసులు పంచుతుంది. అవి ఆ ఇంటివరకే చెల్లే అడ్రసులు. పక్కింట్లోనూ అవే ఉంటాయి, ఎదురింట్లోనూ అవే ఉంటాయి. 10తో మొదలయ్యేవాటినీ, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవాటినీ కూడా ఇలాగే లోపలి వాడకానికి విడిచిపెట్టారు. బయటి ప్రపంచానికి కనిపించేది రౌటర్‌కు ఉన్న ఒకే ఒక్క పబ్లిక్ అడ్రసు. లోపలినుంచి ఎవరైనా బయటికి అడిగినప్పుడు, ఎవరు అడిగారో రౌటర్ గుర్తుపెట్టుకొని, జవాబు రాగానే వారికే అందిస్తుంది. ఎవరూ అడగకుండా బయటినుంచి ఒక పిలుపు వస్తే, అది ఎవరికోసమో దానికి తెలియదు కాబట్టి పారేస్తుంది. అందువల్ల, వెబ్‌సైట్లకు వాడే 80, 443 నంబర్ల తలుపులకు, అంటే పోర్టులకు, వచ్చిన పిలుపులను ఫలానా ల్యాప్‌టాప్‌కు పంపమని మనమే ముందుగా రౌటర్‌కు చెప్పి ఉంచాలి. పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే ఇంతే. ల్యాప్‌టాప్ లోపలి అడ్రసు రేపు మారిపోకుండా దానికి ఒక అడ్రసును రౌటర్‌లోనే ఖాయం చేసుకోవాలి. ఇది అయిదు నిమిషాల పని.

నేను అదంతా చేశాను. సైటు రాలేదు. రౌటర్ సెట్టింగులు చెరిపి మళ్లీ రాశాను, బయటి పిలుపులను అడ్డుకునే ల్యాప్‌టాప్ ఫైర్‌వాల్ తీసేశాను, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినప్పుడల్లా వారు రౌటర్‌ను ఆపి మళ్లీ వేయమన్నారు, అలాగే చేశాను. మూడో రోజు రాత్రి రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (రౌటర్‌కు బయటివైపు అడ్రసు) అని ఉన్న వరుసను మొదటిసారిగా శ్రద్ధగా చూశాను. అక్కడి అంకె 100.72తో మొదలైంది. అదే సమయంలో, నా ఐపీ ఎంత అని బయటి సైటు ఒకదాన్ని అడిగితే, అది పూర్తిగా వేరే అంకె చెప్పింది. ఆ రెండు అంకెలను మొదటి రోజే పక్కపక్కన పెట్టి చూసి ఉంటే మూడు రాత్రుల నిద్ర మిగిలేది.

దీనికి కారణం అడ్రసుల కరువు. నేను ఇంతవరకు చెప్పిన రకం అడ్రసును ఐపీవీ4 అంటారు. అది 32 బిట్లది. అన్నీ కలిపినా సుమారు 430 కోట్లు. ప్రపంచస్థాయి నిల్వలోని చివరి భాగాలను 2011 ఫిబ్రవరిలో పంచేశారు. మరుసటి ఏడాది, 2012లో, 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అడ్రసులను నెట్ కంపెనీల లోపలి వాడకానికి ప్రత్యేకించారు. అంటే మన రౌటర్ చేసే పనినే కంపెనీ కూడా తన స్థాయిలో చేస్తూ, వందల ఇళ్లను ఒకే పబ్లిక్ అడ్రసు వెనుక నిలబెడుతుంది. మన రౌటర్ చేసే పనిని నాట్ అంటారు, కంపెనీ స్థాయిలో చేసేదాన్ని సీజీనాట్ అంటారు. మన పల్లెల్లో ఇంటి నంబరు లేనివారు కేరాఫ్ ఫలానా అంగడి అని అడ్రసు ఇవ్వడం మీకు తెలుసు. ఊరంతా అదే అంగడి పేరు ఇస్తే, పేరు లేని ఉత్తరం వచ్చినప్పుడు అంగడాయన మాత్రం ఎవరికని ఇస్తాడు? మన ఇంటి రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా, ఆ పైనున్న అంగడి మన చేతిలో లేదు. కాబట్టి రౌటర్‌ను ముట్టుకోకముందే ఆ రెండు అంకెలు చూడండి. అవి ఒకటే అయితే దారి ఉంది. వేరైతే, మొదట మీ ఇంట్లోనే ఫైబర్ డబ్బా ఒకటి, దాని వెనుక మీరు కొన్న రౌటర్ ఒకటి, రెండూ ఒకే పని చేస్తున్నాయేమో చూసుకోండి. అది కూడా కాకపోతే కంపెనీ దగ్గర ఆగిందని అర్థం.

అక్కడినుంచి మూడు దారులు. మొదటిది, కంపెనీని పబ్లిక్ ఐపీ అడగడం. కొందరు అదనపు రుసుము తీసుకొని ఇస్తారు, కొందరు ఇవ్వరు; ఇచ్చినా ఇళ్ల కనెక్షన్లలో సర్వర్ పెట్టకూడదని షరతు ఉంటుందేమో చదువుకోవాలి. నాకు దొరికింది స్టాటిక్ కాదు, మారే పబ్లిక్ ఐపీ. ఆ తేడా ఎంత పెద్దదో ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చాక తెలిసింది. ధర్మవరంనుంచి మా బావ ఫోన్ చేసి, "ఏం బావా, నీ వానలెక్క తెరిస్తే ఎవరి అంగడి కెమెరానో వచ్చింది, పాస్‌వర్డ్ అడుగుతాండాది" అన్నాడు. మా రౌటర్‌కు కొత్త అడ్రసు వచ్చింది. డొమైన్ పేరు మాత్రం పాత అడ్రసునే చూపుతోంది. ఆ పాత అడ్రసు ఇంకెవరికో దక్కింది. అప్పటినుంచి ల్యాప్‌టాప్‌లో ఒక చిన్న ప్రోగ్రామ్ అయిదు నిమిషాలకొకసారి అడ్రసు మారిందేమో చూసి, మారితే డొమైన్ పేరుకు ఏ అడ్రసో చెప్పే డీఎన్ఎస్ రికార్డును సవరిస్తోంది. రికార్డు గడువును 300 సెకన్లకు తగ్గించాను, లేకపోతే పాత సమాధానం అక్కడక్కడా గంటల తరబడి నిలిచిపోతుంది.

రెండో దారి ఐపీవీ6. ఇది 128 బిట్ల అడ్రసు, కరువు అనే మాటే లేదు. ఇంట్లోని ప్రతి యంత్రానికీ ప్రపంచమంతా చెల్లే సొంత అడ్రసు వస్తుంది. 2016లో సేవలు మొదలుపెట్టిన జియో మొదటినుంచీ దీన్ని వాడుతోంది కనుక, మన దేశంలో మొబైల్‌నుంచి వచ్చే చూపరులకు ఈ దారి పనికివస్తుంది. ఇక్కడ ఫార్వర్డింగ్ అక్కర్లేదు, రౌటర్ ఫైర్‌వాల్‌లో ఆ అడ్రసుకు 80, 443 పోర్టులు అనుమతిస్తే చాలు. ఐపీవీ4 మాత్రమే ఉన్న ఆఫీసు నెట్‌వర్క్‌నుంచి చూసేవారికి మాత్రం సైటు కనబడదు.

మూడోది టన్నెల్. బయటివారు లోపలికి రాలేకపోతే, లోపలి యంత్రమే బయటి యంత్రానికి ఒక దారి వేసి తెరిచి ఉంచుతుంది. క్లౌడ్‌ఫ్లేర్ వంటివారు దీన్ని సేవగా ఇస్తారు; లేదా బయట పబ్లిక్ అడ్రసు ఉన్న చిన్న సర్వర్‌ను (వీపీఎస్) అద్దెకు తీసుకొని, వైర్‌గార్డ్ అనే టన్నెల్ ప్రోగ్రామ్‌తో మనమే వేసుకోవచ్చు. వైర్‌గార్డ్‌లో 25 సెకన్లకొకసారి ఒక చిన్న పలకరింపు పంపే సెట్టింగు పెట్టడం మరవకండి. పలకరింపు లేకపోతే మధ్యలోని నాట్ మనల్ని మరచిపోతుంది, దారి మూసుకుపోతుంది. సీజీనాట్ ఉన్నవారికి నా సలహా ఇదే. కాకపోతే సేవగా తీసుకున్నప్పుడు, చూపరుల ఎన్‌క్రిప్షన్ ఆ కంపెనీ దగ్గరే విప్పబడుతుందని తెలిసి ఒప్పుకోవాలి.

పని అయిందో లేదో ఇంటి వైఫైలో కూర్చొని పరీక్షించకండి. చాలా రౌటర్లు లోపలినుంచి తమ పబ్లిక్ అడ్రసుకే వచ్చిన పిలుపును వెనక్కి తిప్పవు. అన్నీ సరిగా ఉన్నా పేజీ రాదు. ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటాతో చూడాలి. సైటును ఎన్‌క్రిప్షన్‌తో నడపడానికి కావలసిన సర్టిఫికెట్‌ను లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సేవ, డొమైన్ మనదేనా అని పరీక్షించి, ఉచితంగా ఇస్తుంది. అది తక్కువ గడువుకే ఇస్తుంది కాబట్టి దాన్ని తిరిగి పొందే పనిని ప్రోగ్రామ్‌కే అప్పగించాలి. నెట్ కంపెనీ 80 పోర్టును మూసి ఉంటే, డీఎన్ఎస్‌లో రికార్డు పెట్టి కూడా ఆ పరీక్ష నెగ్గవచ్చు.

తలుపు తెరిచిన రాత్రే సర్వర్ లాగ్ తెరిచి చూశాను. సైటు సంగతి నేను ఇంకా ఎవరికీ చెప్పలేదు. అయినా ఎక్కడెక్కడినుంచో వచ్చినవారు, మా సైటులో లేనే లేని వర్డ్‌ప్రెస్ (సైట్లు నడిపే ఒక సాఫ్ట్‌వేర్) లాగిన్ పేజీని వరుసగా అడుగుతున్నారు. మనమీద పగబట్టి కాదు. ఐపీవీ4 అడ్రసులన్నింటినీ ఒకే యంత్రంతో 45 నిమిషాల లోపే తట్టి చూడవచ్చని 2013లోనే మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు జీమ్యాప్ అనే ప్రోగ్రామ్‌తో నిరూపించారు. అందువల్ల దూరంనుంచి యంత్రంలోకి లాగిన్ అయ్యే 22 పోర్టును, రౌటర్ అడ్మిన్ పేజీని ఎప్పుడూ బయటికి తెరవకూడదు, లోపలి యంత్రాలు అడిగితే రౌటర్ తానే పోర్టులు తెరిచే యూపీఎన్‌పీని ఆపేయాలి, బ్యాంకు పనులు చేసుకొనే కంప్యూటర్‌ను సర్వర్‌గా వాడకూడదు.

వేగం విషయంలో చూసుకోవలసింది అప్‌లోడ్. 8 మెగాబైట్ల స్కాన్ పుట ఒకటి, సెకనుకు 20 మెగాబిట్ల అప్‌లోడ్‌లో మూడు సెకన్లకు పైగా తీసుకుంటుంది. పది మంది ఒకేసారి అడిగితే అర నిమిషం. పుటలన్నింటినీ 300 కిలోబైట్లకు కుదించాక ఆ బాధ తీరింది. కరెంటు సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. పాత ల్యాప్‌టాప్‌కు సొంత బ్యాటరీ ఉండడం మేలే కానీ, ఫైబర్ డబ్బాకూ రౌటర్‌కూ చిన్న యూపీఎస్ లేకపోతే ఆ మేలు ఎందుకూ కొరగాదు.

ఇప్పుడు మీలో సగం మంది ఈ హాలు వైఫైలోనే ఉండి, మిగతా సగం మొబైల్ డేటాకు మారి, బోర్డు మీద రాసిన పేరును తెరవండి. ఎవరికి రాకపోతే వారు చెయ్యి ఎత్తండి, ఎందుకు రాలేదో ఇక్కడే చూద్దాం. మొదటి పేజీలో ఈ ఉదయం ఎనిమిదిన్నరకు నాన్నగారు ఫోన్‌లో చెప్పిన అంకె సున్నా అని ఉంటుంది. అది సైటు తప్పు కాదు.