బరంపురంలో సిటీ 17: ఇంటిల్లిపాదీ కలిసి ఆడిన ఆట

అందరికీ నమస్కారం. ఈసారి జర్మనీలోని లైప్‌జిగ్ నుంచి కాదు, బరంపురంలోని మా ఇంటి నుంచి మాట్లాడుతున్నాను. మంచు, ట్రాములు చాలు, సెలవుల్లో ఇంట్లో ఏం చేస్తున్నావో చూపించమని విశాఖ పిన్ని అడిగింది. పిన్నీ, నేను చేస్తున్నది ఒకటే: మేనల్లుడితో కలిసి హాఫ్-లైఫ్ 2 అనే కంప్యూటర్ ఆట ఆడుతున్నాను.

ఇది 2004 నవంబరులో వచ్చిన ఆట. వాల్వ్ సంస్థ తయారుచేసింది. 1998 నాటి మొదటి భాగంలో బ్లాక్ మీసా అనే ప్రయోగశాలలో ఒక ప్రయోగం వికటించి వేరే లోకపు ప్రాణులు వచ్చి పడతాయి. రెండో భాగం నాటికి భూమి మొత్తం కంబైన్ అనే పరలోక సామ్రాజ్యం చేతిలో ఉంటుంది. గోర్డన్ ఫ్రీమన్ అనే కళ్ళజోడు శాస్త్రవేత్త రైలు దిగి సిటీ 17 అనే నగరంలో అడుగుపెడతాడు. అతనే మనం. ధర 10 యూరోలకు అటూ ఇటూగా, అంటే మన లెక్కలో వెయ్యి రూపాయలు. పండగ రాయితీలు వచ్చినప్పుడు అందులో పదో వంతుకే దొరుకుతుంది.

లైప్‌జిగ్‌లో దీన్ని సగం వరకు ఆడి వదిలేశాను. అక్కడి పద్ధతి చెప్పాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు, ఆదివారమైతే రోజంతా, ఇంట్లో చప్పుడు చేయకూడదు. ఆదివారం గోడకు మేకు కొడితే పక్కవాళ్ళు వచ్చి తలుపు తడతారు. దుకాణాలూ తెరవరు. నాకు తీరిక దొరికేది ఆ రోజే. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని తలుపు వేసుకుని ఆడేదాన్ని. గెలిచినా ఓడినా నోరు మెదిపేదాన్ని కాదు. గోర్డన్ కూడా ఆట మొత్తంలో ఒక్క మాట మాట్లాడడు. ఇద్దరు మూగవాళ్ళం ఒక గదిలో ఉన్నట్టుండేది.

ఇక్కడ ల్యాప్‌టాప్‌ను హాల్లో టీవీకి కలిపాడు మా వాడు. నాయనమ్మ మంచం మీద, అమ్మ, వదిన నేల మీద, పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని) గుమ్మం దగ్గర. మాటలన్నీ ఇంగ్లీషులో కాబట్టి వాడే నాయనమ్మకు తెలుగులో, మావుసికి ఒడియాలో చెబుతూ ఉంటాడు. గోర్డన్‌ను ఎవరేమడిగినా నాయనమ్మ జవాబిస్తుంది. రైల్వే స్టేషన్లో ముసుగు పోలీసు లాఠీతో ఒక ఖాళీ డబ్బాను కింద పడేసి, తీసి చెత్తబుట్టలో వెయ్యమంటాడు. "పడేసింది వాడు, తీయాల్సింది వాడే" అంది ఆవిడ. మా వాడు డబ్బా తీసి పోలీసు మీదికే విసిరాడు. వాడు లాఠీ ఎత్తి వెంటపడేసరికి హాలంతా కేకలు.

ఆ నగరాన్ని చూస్తూ నాయనమ్మ అడిగింది: "నువ్వు ఉండేది ఇలాంటి ఊళ్ళోనేనా?"

పోలీసులు అలా ఉండరని చెప్పాను. కానీ ఆ మెట్లు, రంగు వెలిసిన ఎత్తైన తలుపులు, వీధి మీద వేలాడే తీగలు మాత్రం నాకు రోజూ కనిపించేవే. ఆ నగరానికి రూపం ఇచ్చిన విక్టర్ ఆంటొనోవ్ బల్గేరియాలోని సోఫియాలో పుట్టారు. తూర్పు ఐరోపా పాత నగరాల పోలికలు ఆటలో నిండుగా ఉన్నాయి. ఎన్ని వీడియోలు తీసి పంపినా మా నాయనమ్మ నా ఊరి గురించి ఇంత శ్రద్ధగా ఎప్పుడూ అడగలేదు. "ఆ మెట్లు ఒక్కదానివే ఎక్కుతావా?" అని కూడా అడిగింది. అవునన్నాను.

సముద్రతీరం వచ్చింది. ఆటలో ఒక లైట్‌హౌస్ కనబడగానే అందరూ గోపాల్‌పూర్ అన్నారు. ఇక ఆట ఆగిపోయింది. ఒకప్పుడు గోపాల్‌పూర్ రేవు నుంచి బర్మాలోని రంగూన్‌కు, అంటే మనవాళ్ళ మాటలో రంగానికి, ఓడలు వెళ్ళేవి. నాయనమ్మ మామగారు ఆ ఓడ ఎక్కే రంగం వెళ్ళారు. ఆయన తెచ్చిన టేకు పెట్టె సంగతి, అందులో ఏముండేదన్న సంగతి, ఆ పెట్టె ఎవరి వాటాకు వెళ్ళిందన్న సంగతి అయ్యేసరికి భోజనాల వేళ అయింది. ఇంటి నుంచి దూరదేశం వెళ్ళినవాళ్ళలో ఆయన పేరు తరువాత నాయనమ్మ నా పేరు చెప్పింది. నాకు చాలా గర్వంగా అనిపించింది.

భోజనాలయ్యాక ఇసుక ఘట్టం. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. తోటివాడిని పోగొట్టుకున్న ఒక మనిషి, ఇసుక మీద కాలు పెట్టవద్దని హెచ్చరిస్తాడు. పెడితే ఆంట్‌లయన్లు అనే పురుగులు నేలను చీల్చుకుని వస్తాయి. రాళ్ళ మీదుగా వెళ్ళాలి, రాళ్ళు లేనిచోట, వస్తువులను దూరం నుంచే లాగే గ్రావిటీ గన్‌తో చెక్కపలకలను లాగి పరుచుకోవాలి. ఒక పలక మీద నిలబడి, వెనకదాన్ని లాగి ముందు వేసి, దాని మీదికి ఎక్కి, మళ్ళీ వెనకదాన్ని లాగాలి. 2004లో వస్తువుల బరువు, జారుడు, దొర్లుడు ఇంత సహజంగా చూపిన ఆటలు అరుదు. ఇప్పటికీ పలక అంచున నిలబడితే ఒకవైపు ఒరుగుతుంది. "అత్తా, ఎడమవైపు! తలుపు ఉంది చూడు, అది లాగు!" అని మా వాడు. "నిదానం తల్లీ" అని అమ్మ. ఒంటరిగా ఆడినప్పుడు ఆ తలుపు నా కంటికి ఆననే లేదు.

ఆ తరువాత ఒక పెద్ద పురుగును చంపితే, ఆంట్‌లయన్లు మన మాట వింటాయి. ఎటు పంపితే అటు వెళ్ళి కంబైన్ సైనికుల మీద పడతాయి. నాయనమ్మకు ఇది ఎంత నచ్చిందంటే, ఒక్క పురుగు చచ్చినా బాధపడింది.

ఇక నోవా ప్రాస్పెక్ట్ జైలు, ఆ తరువాత కంబైన్ కోట సిటాడెల్. నేను విమానం ఎక్కేలోపు ముగిస్తాం. 2024లో ఇరవయ్యేళ్ళ సందర్భంగా ఇచ్చిన అప్‌డేట్‌తో కథను కొనసాగించే ఎపిసోడ్ వన్, ఎపిసోడ్ టూ కూడా ఇందులోనే కలిపేశారు. వాటిని మా వాడు ఆడతాడు, నేను వీడియో కాల్‌లో చూస్తాను. ఇక్కడ రాత్రి 9 గంటలంటే అక్కడ ఎండాకాలంలో సాయంత్రం 5:30. ఆదివారం తప్ప, ఆ వేళలో నేను ఎంత గట్టిగా అరిచినా ఎవరూ తలుపు తట్టరు.