ఇంత కథ వాళ్లు చదవరు అనుకున్నారు

అందరికీ నమస్కారం. జపాన్ ఆర్పీజీ గేములకు, అంటే ఆటగాడు కథలో ఒక పాత్రగా మారి ముందుకు సాగే వీడియో గేములకు, అమెరికాలో, యూరప్‌లో ఇవాళ ఎంత క్రేజ్ ఉందో గేములు ఆడేవాళ్లకు చెప్పక్కర్లేదు. మొదట్లో మాత్రం అక్కడ వాటిని ఊరికే ఇస్తే తప్ప తీసుకోలేదు.

1986లో జపాన్‌ను ఊపేసిన ‘డ్రాగన్ క్వెస్ట్’ సృష్టికర్త యూజీ హోరీ. ఆయనకు స్ఫూర్తి విజర్డ్రీ, అల్టిమా అనే అమెరికా కంప్యూటర్ గేములు. విత్తనం అక్కడిదే అన్నమాట! అదే గేమును 1989లో ‘డ్రాగన్ వారియర్’ పేరుతో అమెరికాలో దింపితే, అనుకున్నంత అమ్ముడుపోలేదు. గేమ్ యంత్రాలు తయారుచేసే నింటెండో తన పత్రికకు చందా కట్టినవాళ్లకు దాన్ని ఉచితంగా పంచింది.

అక్కడి పిల్లలకు ఇంత కథ, ఇన్ని లెక్కలు ఎక్కవని కంపెనీలు తేల్చుకున్నాయి. ‘ఫైనల్ ఫాంటసీ’ అనే ఆర్పీజీ వరుసను తయారుచేసే జపాన్ కంపెనీ స్క్వేర్, 1992లో ఆ పిల్లల కోసమే తేలిక చేసి ‘ఫైనల్ ఫాంటసీ మిస్టిక్ క్వెస్ట్’ తీసింది. ఉప్పూకారం లేని పప్పన్నం. అసలు రుచి ఎరిగినవాళ్లు పెదవి విరిచారు. ఫైనల్ ఫాంటసీ 2, 3, 5 భాగాలను అప్పట్లో అక్కడికి పంపనే లేదు. అందుకే 1994లో ఆరో భాగం అమెరికాలో ‘3’ అనే అంకెతో వచ్చింది.

ఆ ఆరో భాగం ఇంగ్లిష్ అనువాదం గురించి చెప్పాలి. అనువాదకుడు టెడ్ వూల్సీ చేతిలో ఉన్నది ముప్ఫై రోజులు. గేము నింపి అమ్మే కార్ట్రిడ్జ్‌లో చోటు తక్కువ. జపనీస్‌లో రెండు మూడు అక్షరాల్లో ఇమిడే మాట ఇంగ్లిష్‌లో బారెడవుతుంది. పెదవుల కదలికకు మాట అతికించే మన డబ్బింగ్ రచయితల తిప్పలే అనుకోండి. పైగా నింటెండో బూతులు ఒప్పుకోదు. అందుకని విలన్ కెఫ్కా చేత ‘సన్ ఆఫ్ ఎ సబ్‌మెరైనర్’ అని తిట్టించాడు! ఆ తిట్టు అభిమానులకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

1997లో సోనీ ప్లేస్టేషన్ మీద ఫైనల్ ఫాంటసీ ఏడో భాగం వచ్చింది. మూడు సీడీలు. టీవీ ప్రకటనల్లో సోనీ యుద్ధపు మెనూలు దాచి, సినిమా లాంటి దృశ్యాలే చూపించింది. కొంచెం గడుసుతనమే. ఇంగ్లిష్ కూడా అంతంతమాత్రం: ‘దిస్ గై ఆర్ సిక్’ అనే వాక్యం అందులోదే. అయినా మొదటి సీడీ చివర ఎరిత్ అనే ముఖ్య పాత్ర చనిపోతే కుర్రాళ్లు ఏడ్చారు. ఒక్క ప్లేస్టేషన్ మీదే దాదాపు కోటి కాపీలు అమ్ముడుపోయాయి. నా ఉద్దేశంలో అసలు మలుపు ఇదే. వాళ్ల కోసమని పలచన చేసింది నిలవలేదు, చేయనిది నిలిచింది.

కంపెనీలకు ఈ సంగతి పూర్తిగా తలకెక్కలేదు. 2011లో ‘జెనోబ్లేడ్ క్రానికల్స్’ అనే మరో జపాన్ ఆర్పీజీ యూరప్‌లో ఇంగ్లిష్‌లోనే విడుదలైనా అమెరికాకు తేవడానికి నింటెండో తటపటాయించింది. అభిమానులు ‘ఆపరేషన్ రెయిన్‌ఫాల్’ పేరుతో ఉత్తరాలు రాశారు. విడుదల ఖాయం కాని గేముకు ముందే ఆర్డర్లు పెట్టి అమెజాన్ జాబితాలో మొదటి స్థానానికి ఎక్కించారు. 2012 ఏప్రిల్‌లో అది అమెరికాకు వచ్చింది.

ఒకప్పుడు ఉచితంగా పంచిన సరుకు కోసం క్యూ కట్టారన్నమాట. ఇక ప్రశ్నలుంటే అడగండి. ఏడో భాగం ఇంకా ఆడనివాళ్లు, ఎరిత్ సంగతి ముందే చెప్పేసినందుకు క్షమించాలి.