నాయకుడి పట్టాకు ఎంత విలువ ఇవ్వాలి?

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఎన్నికల్లో నిలబడిన వ్యక్తి ఎంత చదివాడన్నది ఓటరు లెక్కలోకి తీసుకోవాలా, తీసుకుంటే ఎంత మేరకు అన్నది ఈ రోజు మన చర్చ. రాజనీతిశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన మాస్టారు మనతో ఉన్నారు. మాస్టారూ, సూటిగానే అడుగుతాను. గుమాస్తా ఉద్యోగానికి కూడా డిగ్రీ అడుగుతున్నాం. ఆ గుమాస్తా పనిచేసే శాఖకు మంత్రి కావడానికి మాత్రం ఏ చదువూ అక్కర్లేదంటున్నాం. ఇది విడ్డూరంగా లేదా?

అతిథి: విడ్డూరమేనమ్మా. 1949 నవంబరు 26న రాజ్యాంగ సభ చివరి ప్రసంగంలో రాజేంద్రప్రసాద్ గారు ఇదే బాధ వెళ్లబోసుకున్నారు. చట్టాన్ని అమలు చేసేవారికి గొప్ప అర్హతలు కోరుతూ, చట్టాన్ని చేసేవారికి మాత్రం ఎన్నిక కావడం తప్ప మరే అర్హతా పెట్టకపోవడం పొసగని విషయమని ఆయన అన్నారు. అయితే ఆ ప్రసంగంలో తరువాతి మాటలను ఎవరూ గుర్తు చేయరు. శాసనకర్తకు మేధాసంపత్తి కావాలి, కానీ అంతకన్నా మించి సమతూకంగా ఆలోచించగల శక్తి, స్వతంత్రంగా నడుచుకునే ధైర్యం, ఒక్క మాటలో చెప్పాలంటే శీలం కావాలి, దాన్ని కొలిచే కొలబద్ద మన దగ్గర లేదు అని ఆయన వాపోయారు. డిగ్రీ ఆ కొలబద్ద కాగలదని ఆయన అనలేదు.

వ్యాఖ్యాత: శీలాన్ని కొలవలేం కాబట్టి, కొలవగలిగిన చదువునైనా షరతుగా పెట్టుకుందాం అనేవారికి మీ సమాధానం ఏమిటి?

అతిథి: పెట్టి చూశారు కదా. హర్యానా 2015లో పంచాయతీరాజ్ చట్టాన్ని సవరించి, పంచాయతీ ఎన్నికల్లో పోటీ చేసేవారికి పదో తరగతి తప్పనిసరి చేసింది. మహిళలకు, షెడ్యూల్డు కులాలవారికి ఎనిమిదో తరగతి చాలన్నది. షెడ్యూల్డు కులాల మహిళలు వార్డు సభ్యత్వానికి నిలబడితే ఐదో తరగతితో సరిపెట్టింది. దీనిని సవాలు చేసిన రాజ్‌బాల కేసులో సుప్రీంకోర్టు జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ సప్రేల ధర్మాసనం ఆ ఏడాది డిసెంబరు 10న చట్టం చెల్లుతుందని తీర్పు చెప్పింది. మంచిచెడులను వేరు చేసి చూడగల శక్తి మనిషికి చదువు వల్లనే వస్తుందన్నది ఆ తీర్పులో బాగా ప్రచారం పొందిన మాట. ఆ ధర్మాసనం మీద ఎంత గౌరవం ఉన్నా, ఈ మాటను నేను ఒప్పుకోలేను. బడి ముఖం చూడని మనుషులకు మంచిచెడుల విచక్షణ లేదని, లోకం చూసినవాళ్లెవరైనా అనగలరా?

వ్యాఖ్యాత: కానీ పంచాయతీ అంటే నిధులు, తీర్మానాలు, లెక్కలు. చదవడం రాని సర్పంచి చేత ఎవరైనా ఎక్కడైనా సంతకం పెట్టించుకోవచ్చు. ఈ భయం నిజమైనదే కదా?

అతిథి: నిజమైనదే. అయితే దానికి మందు కార్యదర్శిని జవాబుదారీగా ఉంచడం, లెక్కలను గ్రామసభలో చదివి వినిపించడం, ఎన్నికైనవారికి శిక్షణ ఇవ్వడం. ఒక ఆడపిల్లను చిన్నప్పుడు బడికి పంపని తప్పులో కుటుంబానికి, ప్రభుత్వానికి వాటా ఉంది. ఆమె పెద్దయ్యాక, నీకు చదువు లేదు కాబట్టి నీవు పోటీకి పనికిరావు అంటే, ఆ తప్పుకు శిక్ష ఆమె మీద వేసినట్లే అవుతుంది. ఇంకొక తమాషా చూడండి. సర్పంచికి పదో తరగతి కావాలి, ఆ చట్టం చేసిన శాసనసభ్యుడికి మాత్రం రాజ్యాంగం ప్రకారం ఏ చదువూ అక్కర్లేదు. రాజస్థాన్ 2014 డిసెంబరులో ఇలాంటి ఆర్డినెన్సే తెచ్చి, 2019లో ఆ షరతును ఎత్తివేసింది.

వ్యాఖ్యాత: మరి చట్టసభలకే ఆ షరతు పెట్టిన దేశం లేదా?

అతిథి: పాకిస్తాన్ పెట్టింది. ముషారఫ్ హయాంలో జరిగిన 2002 ఎన్నికల్లో పట్టభద్రులు మాత్రమే పోటీ చేయాలన్నారు. జనాభాలో అత్యధికులు ఒక్క వేటుతో అనర్హులైపోయారు. మదరసాలు ఇచ్చే ధ్రువపత్రాలను డిగ్రీతో సమానంగా లెక్కించడం వల్ల మతపార్టీలకు మాత్రం ఇబ్బంది కలగలేదు. 2008లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది. అసలు కథ ఆ తరువాత మొదలైంది. పోటీ చేయడం కోసం చాలామంది దొంగ పట్టాలు సమర్పించారని 2010లో బయటపడి, వాటి పరిశీలన పెద్ద రగడగా మారింది. అప్పటి బలూచిస్తాన్ ముఖ్యమంత్రి అస్లమ్ రైసానీ, డిగ్రీ డిగ్రీయే, అసలుదైనా నకిలీదైనా అని సెలవిచ్చారు. చదువుకున్న చట్టసభ కోసం తెచ్చిన నిబంధన ఫోర్జరీకి గిరాకీ పెంచింది.

వ్యాఖ్యాత: (నవ్వు) ఆ మాట విని నవ్వాలో ఏడవాలో తెలియదు. సరే, చట్టంతో బలవంతపెట్టడం తప్పని ఒప్పుకుందాం. ఓటరు తనంతట తాను చదువుకున్నవారినే ఎంచుకుంటే పాలన బాగుపడుతుందా? దీనిపై పరిశోధనలు ఉన్నాయంటారు.

అతిథి: ఉన్నాయి, అవి ఒక మాట మీద లేవు. 2011లో బెస్లీ, మోంటాల్వో, రేనాల్-కెరోల్ అనే ఆర్థికవేత్తలు, నాయకులు పదవిలో ఉండగా మరణించడం వంటి అనుకోని మార్పులను ఆధారం చేసుకుని, ఎక్కువ చదివిన నాయకుల కాలంలో ఆర్థికవృద్ధి మెరుగ్గా ఉందన్నారు. 2016లో కార్న్స్, లూపూ అనే రాజనీతిశాస్త్రవేత్తలు వివిధ దేశాల నాయకులను, అమెరికా ప్రతినిధుల సభ సభ్యులను, బ్రెజిల్ మేయర్లను పరిశీలించి, కాలేజీ చదువు ఉన్నవారు లేనివారికంటే మెరుగ్గా పనిచేసిన దాఖలా లేదని తేల్చారు. నాకు రెండో అధ్యయనమే ఎక్కువ నమ్మకంగా తోస్తుంది. దేశపు వృద్ధిరేటు వెనుక సవాలక్ష కారణాలుంటాయి, వాటిలోంచి ఒక్క మనిషి చదువును విడదీసి చూపడం కష్టం. మేయరు నిధులు తిన్నాడా లేదా అన్నది ఆడిట్‌లో నేరుగా కనబడుతుంది.

వ్యాఖ్యాత: అంటే ఉన్నత విద్య వల్ల పాలనలో ఏ ప్రయోజనమూ లేదంటారా?

అతిథి: అలా అనను. జర్మనీ ఛాన్సలర్‌గా, అంటే ప్రభుత్వాధినేతగా పనిచేసిన ఏంగెలా మెర్కెల్ క్వాంటం కెమిస్ట్రీలో డాక్టరేటు పొందిన మనిషి. 2020 ఏప్రిల్‌లో ఆమె విలేకరుల ముందు, ఒక రోగి నుంచి కరోనా వ్యాధి సగటున 1.1 మందికి సోకితే అక్టోబరు నాటికి ఆసుపత్రుల శక్తి చాలకుండా పోతుందని, అదే 1.2 అయితే జూలైలోనే ఆ పరిస్థితి వస్తుందని, 1.3 అయితే జూన్‌లోనే వస్తుందని విడమరిచి చెప్పారు. దశాంశ బిందువు తరువాత ఒక అంకె మారితే ఎన్ని నెలలు చేజారిపోతాయో ప్రభుత్వాధినేత స్వయంగా అర్థం చేసుకుని చెప్పడం సామాన్యమైన విషయం కాదు. ఆ రోజు ఆమె చదువు ప్రజలకు అక్కరకు వచ్చింది.

ఇక రెండో వైపు చూడండి. డాక్టరేటు ఉన్న ఏకైక అమెరికా అధ్యక్షుడు వుడ్రో విల్సన్. అంతకుముందు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడిగా పనిచేసినవాడు. ఆయన పాలనలోనే సమాఖ్య ప్రభుత్వ కార్యాలయాల్లో నల్లజాతి ఉద్యోగులను విడిగా కూర్చోబెట్టే పద్ధతి విస్తరించింది. 1914 నవంబరులో విలియం మన్రో ట్రాటర్ అనే పత్రికా సంపాదకుడు శ్వేతభవనానికి వెళ్లి నిలదీస్తే, ఈ వేర్పాటు మీకు అవమానం కాదు, మేలు అని ఆ మహా పండితుడు బోధించి, ట్రాటర్ మాట తీరు బాగాలేదని కోపగించుకున్నాడు. ట్రాటర్ కూడా హార్వర్డ్ పట్టభద్రుడే సుమండీ. అక్కడ కొరవడింది చదువు కాదు, ఎదుటివాడి మాట చెవిన పెట్టే గుణం.

వ్యాఖ్యాత: ఆ గుణం ఉండి చదువు లేనివారి ఉదాహరణ చెప్పగలరా?

అతిథి: కామరాజ్ గారు చిన్నతనంలోనే బడి మానేసినవారు. 1954లో మద్రాసు ముఖ్యమంత్రి అయినప్పుడు, నాయకత్వం కోసం తనతో పోటీపడి ఓడిన సి. సుబ్రమణ్యంను మంత్రివర్గంలోకి తీసుకుని ఆర్థిక, విద్యాశాఖలు అప్పగించారు. సుబ్రమణ్యం న్యాయశాస్త్రం చదివినవారు, సమర్థులు. ఓడిన ప్రత్యర్థిని దూరం పెట్టడం రాజకీయాల్లో పరిపాటి. తనకు లేని విద్య అతనికి ఉందని గుర్తించి, ఆ విద్యను రాష్ట్రానికి వాడుకోవడం కామరాజ్ చేసిన పని. బడిలో మధ్యాహ్న భోజనం విస్తరించింది, కొత్త పాఠశాలలు తెరిచింది ఆ ప్రభుత్వమే. కాబట్టి నాయకుడికి ఎంత తెలుసు అనే ప్రశ్న కంటే, తెలియని చోట ఎవరిని అడుగుతాడు, వారు చెప్పింది వింటాడా అనే ప్రశ్న నాకు ముఖ్యం.

వ్యాఖ్యాత: ఇక్కడ మిమ్మల్ని ఒప్పుకోలేకపోతున్నాను మాస్టారూ. సలహాదారులే తప్పుదోవ పట్టిస్తే, చదువు లేని నాయకుడు దాన్ని పసిగట్టేదెలా?

అతిథి: ఆ ప్రమాదం అందరికీ ఉంది. ఒక బిల్లు ముసాయిదా తీసుకోండి. అందులో పదే పదే, నిర్దేశించిన విధంగా, నిర్దేశించిన రుసుముతో అనే మాటలు వస్తాయి. నిర్దేశించేది ఎవరు? ఆ తరువాత నిబంధనలు రాసే కార్యనిర్వాహక వర్గం. అంటే అసలు సంగతులన్నీ సభ చేతుల్లోంచి జారిపోయి అధికారుల బల్ల మీదికి చేరుతున్నాయన్నమాట. ఏ సభ్యుడైతే లేచి, ఆ రుసుము ఎంతో ఈ బిల్లులోనే రాయండి అని పట్టుబడతాడో, అతడే పసిగట్టినవాడు. ఆ ప్రశ్న వేయడానికి రోజూ జనం దరఖాస్తులు పట్టుకుని కార్యాలయాల చుట్టూ తిరిగిన అనుభవం చాలు. డిగ్రీ ఉండి, పార్టీ విప్ చెప్పినట్టు చేయి ఎత్తి కూర్చునేవాడి వల్ల ఏ ఉపయోగమూ లేదు.

వ్యాఖ్యాత: అయితే అభ్యర్థి చదువు గురించి ఓటరు అసలు పట్టించుకోవాల్సిన పని లేదా?

అతిథి: ఒక విషయంలో తప్పకుండా పట్టించుకోవాలి, అది చదువు గురించి చెప్పింది నిజమా కాదా అన్నది. జర్మనీలో రక్షణ మంత్రి గుట్టెన్‌బర్గ్ 2011లో, విద్యాశాఖ మంత్రి షవాన్ 2013లో డాక్టరేటు సిద్ధాంత గ్రంథంలో ఇతరుల రచనలు కాపీ కొట్టారన్న కారణంగా పట్టా పోగొట్టుకుని, పదవులకు రాజీనామా చేశారు. వాళ్లకు డాక్టరేటు లేకపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. లేనిదాన్ని ఉన్నట్టు చూపించుకున్నందుకే పదవి పోయింది. మన దేశంలో 2002 నాటి సుప్రీంకోర్టు తీర్పు తరువాత, అభ్యర్థులు నామినేషనుతో పాటు క్రిమినల్ కేసులు, ఆస్తులు, అప్పులు, విద్యార్హత వెల్లడించే అఫిడవిట్ ఇవ్వాల్సి వచ్చింది. అది ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఎవరైనా చూసుకోవచ్చు.

వ్యాఖ్యాత: మన శ్రోత ఈ రాత్రే తన నియోజకవర్గం అభ్యర్థుల అఫిడవిట్లు తెరిస్తే, ఏ వరుసలో చదవమంటారు?

అతిథి: ముందు కేసుల వివరాలు, ఏ సెక్షన్ల కింద పెట్టారో సహా చదవమంటాను. తరువాత, అభ్యర్థి గతంలో గెలిచినవాడైతే పాత అఫిడవిట్‌నూ పక్కన పెట్టుకుని, ఐదేళ్లలో ఆస్తి ఎంత పెరిగిందో, అందుకు తగిన ఆదాయం చూపాడో లేదో సరిచూడమంటాను. విద్యార్హత చివరలో ఉంటుంది. అది పాత అఫిడవిట్‌లో ఒకలా, కొత్త అఫిడవిట్‌లో మరొకలా ఉంటే మాత్రం, ఏ కాలేజీలో, ఏ సంవత్సరంలో చదివారని ప్రచారానికి ఇంటికి వచ్చినప్పుడు ఆ అభ్యర్థినే అడగండి.