సోర్సు నుంచి ఎక్కించిన సాఫ్ట్‌వేర్‌ను చిన్న స్క్రిప్టుతో తీసేయడం: టెస్సరాక్ట్ ఉదాహరణ

[స్క్రీన్: ఉబుంటు 24.04, టెర్మినల్]

అందరికీ నమస్కారం. ముందు ఈ ఎర్రర్ చూడండి. అనంతపురం, కడప, కర్నూలు యాడైనా సరే, తెలుగు ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాలు చదివించే ప్రాజెక్టు పెట్టుకున్న పిల్లోళ్ల సిస్టమ్‌లో ఇది ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతాది. ఉబుంటు ప్యాకేజీలు ఎక్కించే ఆప్ట్ కమాండ్‌తో టెస్సరాక్ట్ అనే ఓసీఆర్ ప్రోగ్రామ్ ఎక్కించినారు, దాని తెలుగు ప్యాకేజీ కూడా ఎక్కించినారు. ఒక అడంగల్ స్కాన్ ఇచ్చి నడిపితే, యూఎస్సార్ లోకల్ షేర్ టెస్‌డేటా ఫోల్డర్లో తెలుగు ఫైలు తెరవలేకపోతున్నా అంటోంది. కానీ ఆప్ట్ పెట్టిన తెలుగు ఫైలు ఉండేది అక్కడ కాదు. అది యూఎస్సార్ షేర్ కింద, టెస్సరాక్ట్-ఓసీఆర్ ఫోల్డర్లో, 5 అనే ఫోల్డర్ లోపలి టెస్‌డేటాలో ఉంది.

జరిగిందేమంటే, ఇంతకుముందు ఎవరో సోర్సు నుంచి బిల్డ్ చేసి 'సుడో మేక్ ఇన్‌స్టాల్' కొట్టినారు. తర్వాత వద్దనుకుని యూఎస్సార్ లోకల్ కింద బిన్‌లో ఉన్న టెస్సరాక్ట్ ఫైలొక్కటి తీసేసి చేతులు దులుపుకున్నారు. లోకల్ లిబ్‌లో లైబ్రరీ అట్లే మిగిలింది. ఉబుంటులో లైబ్రరీలు వెతికే వరుసలో లోకల్ లిబ్ ముందుంటుంది. రెండూ ఐదో వెర్షనే కాబట్టి లైబ్రరీ పేరూ ఒకటే. ఆప్ట్ ప్రోగ్రామ్ పోయి పాత లైబ్రరీని పట్టుకుంటోంది. ఆ లైబ్రరీలోనేమో డేటా లోకల్ కింద ఉంటాదని బిల్డ్ చేసినప్పుడే రాసేసి ఉంది. ఆప్ట్‌తో ఎన్నిసార్లు తీసి పెట్టినా ఇది పోదు. మేక్ ఇన్‌స్టాల్ పెట్టిన ఫైళ్ల సంగతి ఆప్ట్‌కు తెలీదు.

సోర్సు ఫోల్డర్ ఇంకా ఉంటే ఫస్టు 'మేక్ అన్‌ఇన్‌స్టాల్' చూడండి. మధ్యలో హైఫన్ ఎన్ పెడితే ఏమీ తీయకుండా, ఏం తీయబోతోందో మాత్రం చూపిస్తాది. ఆటోటూల్స్‌తో, అంటే కాన్ఫిగర్, మేక్ పద్ధతిలో కట్టిన వాటికి ఇది బాగానే పనిచేస్తాది. కానీ ఒక మెలిక ఉంది. లైబ్రరీ ఫైళ్ల పేర్లను ఇది ఇన్‌స్టాల్ అయిన డాట్ ఎల్ఏ ఫైల్లో చదువుకుని తీస్తాది. ముందే ఎవరైనా ఆ డాట్ ఎల్ఏ ఫైలును చేత్తో తీసేసి ఉంటే, అసలు లైబ్రరీలైన డాట్ ఎస్ఓ ఫైళ్లు అట్లే ఉండిపోతాయి. సగం తీసి వదిలేసిన సిస్టమ్‌లో అన్‌ఇన్‌స్టాల్‌ను నమ్ముకోలేం. సీమేక్ అనే ఇంకో బిల్డ్ సాధనంతో కట్టిన వాటిలోనైతే, రాసినవాళ్లు ప్రత్యేకంగా పెట్టుంటే తప్ప అన్‌ఇన్‌స్టాల్ అనేదే ఉండదు. అందుకే జాబితా, స్క్రిప్టు.

జాబితా సంగతి చూద్దాం. సీమేక్ అయితే పని సులువు. బిల్డ్ ఫోల్డర్లో ఇన్‌స్టాల్ అండర్‌స్కోర్ మ్యానిఫెస్ట్ డాట్ టీఎక్స్‌టీ అని ఒక ఫైలు ఉంటాది. ఎక్కించిన ప్రతి ఫైలు పూర్తి దారీ అందులో లైనుకొకటి ఉంటాది. అది తీసుకుంటే చాలు.

ఆటోటూల్స్ అయితే మనమే తయారు చేసుకోవాలి. అదే వెర్షన్ సోర్సు కావాలి, కాన్ఫిగర్‌కు అప్పుడిచ్చిన ప్రిఫిక్సే, అంటే ఎక్కించే ఫోల్డర్ దారే ఇవ్వాలి. ఏమీ ఇవ్వకపోతే యూఎస్సార్ లోకల్. వెర్షన్ తెలీకుంటే లోకల్ లిబ్‌లో ప్యాకేజీకాన్ఫిగ్ ఫోల్డర్లో టెస్సరాక్ట్ డాట్ పీసీ అనే ఫైలు తెరవండి, వెర్షన్ అని ఒక లైను ఉంటాది. బిల్డ్ అయినాక 'మేక్ ఇన్‌స్టాల్' పక్కన డెస్ట్‌డిర్ ఈక్వల్ టు టెంప్ లోపల ఒక ఖాళీ ఫోల్డర్ ఇవ్వండి. డెస్ట్‌డిర్ మొత్తం క్యాపిటల్ అక్షరాలు, ఈక్వల్‌కు అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు. దీనికి సుడో వద్దు. సుడో లేకుండా చేస్తే, డెస్ట్‌డిర్ తప్పు కొట్టినా అసలు సిస్టమ్‌లోకి ఏదీ పోదు, పర్మిషన్ లేదని ఆగిపోతాది.

[స్క్రీన్: టెంప్ ఫోల్డర్లోకి వెళ్లి ఫైండ్ కమాండ్]

ఇప్పుడు ఆ ఫోల్డర్లోకి పోయి ఫైండ్ కొడతాం: డాట్, ఆశ్చర్యార్థకం, హైఫన్ టైప్ డి. అంటే డైరెక్టరీలు కానివన్నీ. మామూలు ఫైళ్లు ఒక్కటే అడిగితే సింబాలిక్ లింకులు, అంటే వేరే ఫైలును చూపించే లింకులు, జాబితాలోకి రావు. లైబ్రరీల్లో సగం లింకులే. వచ్చినదాన్ని లైన్లు మార్చే సెడ్ కమాండ్‌కు పంపి లైను మొదట్లో ఉండే డాట్ తీసేసి, జాబితా డాట్ టీఎక్స్‌టీ అని హోమ్‌లో దాచుకోండి.

దాచినాక ఒకసారి కళ్లతో చదవండి. షేర్ ఇన్ఫో ఫోల్డర్లో డిర్ అనే ఫైలు కనబడితే ఆ లైను తీసేయండి. అది అన్ని సాఫ్ట్‌వేర్లకూ ఉమ్మడి సూచిక. టెస్సరాక్ట్‌లో రాదు గానీ గ్నూ ప్రోగ్రాములు తీసేటప్పుడు వస్తాది. ఐకాన్ క్యాషె, మైమ్ క్యాషె లాంటివీ అంతే.

[స్క్రీన్: ఎడిటర్లో స్క్రిప్టు]

ఇంగ స్క్రిప్టు. చిన్నదే, కానీ ప్రతి లైనుకూ ఒక కారణముంది.

పైన బాష్ లైను. తర్వాత మొదటి ఆర్గ్యుమెంట్ జాబితా పేరు, రెండోది పని: 'తీసేయి' అని ఇస్తేనే తీస్తాది, ఏమీ ఇవ్వకపోతే చూపించి ఊరుకుంటాది.

ఆ కింద వైల్ లూప్. ఐఎఫ్ఎస్ ఈక్వల్ అని ఖాళీగా వదిలి, రీడ్ హైఫన్ ఆర్. పేర్లలో ఖాళీలు, బ్యాక్‌స్లాష్‌లు ఉంటే చెడిపోకుండా ఇది. దాని పక్కన రెండు నిలువు గీతలు పెట్టి, ఫైలు పేరు ఖాళీ కాదా అని ఇంకో పరీక్ష ఉంది చూడండి. ఇది దేనికంటే, సీమేక్ మ్యానిఫెస్ట్‌లో ఆఖరి లైను చివర న్యూలైన్ ఉండదు. రీడ్ ఆ లైను చదువుతాది కానీ ఫెయిల్ అని చెప్తాది, లూప్ అక్కడే ఆగుతాది. ఈ పరీక్ష లేకుంటే జాబితాలో ఆఖరి ఫైలు ప్రతిసారీ మిగిలిపోతాది.

తర్వాతి లైను, పేరు చివర క్యారేజ్ రిటర్న్ ఉంటే కోసేస్తాది. జాబితాను విండోస్‌లో నోట్‌ప్యాడ్‌లో తెరిచి సేవ్ చేసినవాళ్ల కోసం ఇది. అదుంటే ఫైలు కళ్లముందే ఉన్నా లేదంటాది, ఎందుకో అర్థం కాక తల పట్టుకుంటారు.

ఇప్పుడొచ్చేది కేస్. రెండు చుక్కలున్న దారి ఏదైనా వదిలేస్తాం. యూఎస్సార్ లోకల్ స్లాష్‌తో మొదలు కాని దారి ఏదైనా వదిలేసి, వదిలేసినామని ప్రింట్ చేస్తాం. ఖాళీ లైన్లు కూడా ఇక్కడే రాలిపోతాయి. మీ ప్రిఫిక్స్ వేరైతే మార్చాల్సింది ఈ ఒక్క చోటే.

తర్వాత ఉందా లేదా అని పరీక్ష: హైఫన్ ఈ, లేదా హైఫన్ క్యాపిటల్ ఎల్. రెండూ కావాలి. అసలు లైబ్రరీ ఫైలు ముందు పోయిందనుకోండి, దాన్ని చూపించే లింకు తెగిపోతాది. తెగిన లింకుకు హైఫన్ ఈ 'లేదు' అంటాది. అప్పుడు లిబ్‌టెస్సరాక్ట్ డాట్ ఎస్ఓ డాట్ 5 అనే లింకు దిక్కులేకుండా పడుంటాది.

అంతా దాటినాక ఆర్ఎం, హైఫన్ వి, రెండు హైఫన్లు, డబుల్ కోట్స్ మధ్య ఫైలు పేరు. చూడండప్పా, ఇందులో ఆర్ లేదు, ఎఫ్ లేదు. పెట్టనే వద్దు. జాబితాలో పొరపాటున డైరెక్టరీ వచ్చినా ఆర్ లేని ఆర్ఎం దాన్ని ముట్టుకోదు. 2015 జనవరిలో స్టీమ్ అనే ఆటల సాఫ్ట్‌వేర్ లైనక్స్ స్క్రిప్టులో ఒక వేరియబుల్ ఖాళీగా ఉండి, ఆర్ఎం ఆర్‌ఎఫ్ రూట్ నుంచి మొదలై ఒకరి సొంత ఫైళ్లన్నీ ఊడ్చేసింది. మన స్క్రిప్టులో వేరియబుల్ ఖాళీగా ఉంటే కేస్ దగ్గరే ఆగిపోతాది.

జాగ్రత్త కోసం హైఫన్ ఐ పెడదామని కొందరికి అనిపిస్తాది. ఈ లూప్‌లో అది పనిచేయదు. ఆర్ఎం అడిగిన ప్రశ్నకు జవాబు కీబోర్డు నుంచి రాదు, జాబితాలో తర్వాతి లైనునే జవాబుగా మింగుతాది. అది 'వై' కాదు కాబట్టి ఏ ఫైలూ పోదు.

[స్క్రీన్: ఉత్తుత్తి రన్, తర్వాత అసలు రన్]

ముందు సుడో లేకుండా, రెండో ఆర్గ్యుమెంట్ లేకుండా నడపండి. వచ్చిన లైన్లలో వేరే సాఫ్ట్‌వేర్ పేరేదైనా కనబడితే ఆపండి, జాబితా మళ్లీ చూసుకోండి. బాగుంటే సుడోతో, 'తీసేయి' అని ఇచ్చి నడపండి.

ఫోల్డర్ల విషయం. వీటిని స్క్రిప్టులో పెట్టలేదు, కావాలనే. జాబితాలోని అన్ని ఫోల్డర్లకూ ఆర్ఎండిర్ కొడితే, ఖాళీ అయిన లోకల్ బిన్ కూడా ఎగిరిపోతాది. సాఫ్ట్‌వేర్ పేరు మీదున్న ఫోల్డర్లు నాలుగైదే ఉంటాయి, చేత్తో కొట్టండి. లోకల్ ఇంక్లూడ్‌లో టెస్సరాక్ట్, తర్వాత టెస్‌డేటాలో కాన్ఫిగ్స్, టెస్‌కాన్ఫిగ్స్, చివర టెస్‌డేటా.

ఈ చివరిదాని దగ్గర 'ఖాళీగా లేదు' అని వస్తాది. లోపల చూస్తే టెల్ డాట్ ట్రెయిన్డ్‌డేటా ఉంటాది, టెల్ అంటే తెలుగు. దాన్ని మేక్ ఇన్‌స్టాల్ పెట్టలేదు, అప్పట్లో ఎవరో డౌన్‌లోడ్ చేసి కాపీ చేసినారు, అందుకే జాబితాలో లేదు. వెంటనే తీసేయొద్దు. అది మామూలు తెలుగు డేటా కావచ్చు, లేదా మీ సీనియర్లు సొంతంగా ట్రెయిన్ చేసిన మోడల్ కావచ్చు. రెండోదైతే మళ్లీ యాడా దొరకదు. ముందు హోమ్‌లోకి జరిపి పెట్టుకోండి, తర్వాత ఆర్ఎండిర్ కొట్టండి.

ఇప్పుడు 'సుడో ఎల్‌డీకాన్ఫిగ్'. ఇది కొట్టకపోతే లైబ్రరీల పట్టికలో పాత దారి అట్లే నిలిచి ఉంటాది. తెరిచి ఉన్న టెర్మినల్లో 'హ్యాష్ హైఫన్ ఆర్' కూడా కొట్టండి. లేకుంటే బాష్ పాత దారిని గుర్తు పెట్టుకుని, లోకల్ బిన్‌లో ఆ ఫైలు లేదని చెప్తుంటాది.

ఇంకోటి మర్చిపోతుంటారు: హోమ్‌లోని డాట్ బాష్‌ఆర్‌సీ. టెస్‌డేటా అండర్‌స్కోర్ ప్రిఫిక్స్ అని ఎక్స్‌పోర్ట్ లైనుంటే అది తీసేయండి. ఉన్నన్నాళ్లూ ఆప్ట్ టెస్సరాక్ట్ కూడా పాత ఫోల్డర్లోనే వెతుకుతాది. తీసి, కొత్త టెర్మినల్ తెరవండి.

[స్క్రీన్: పరీక్షలు]

'టైప్ హైఫన్ ఏ టెస్సరాక్ట్' కొడితే లోకల్ దారి రాకూడదు. ప్రోగ్రామ్ ఏ లైబ్రరీని పట్టుకుంటోందో చూపే ఎల్‌డీడీకి యూఎస్సార్ బిన్‌లోని టెస్సరాక్ట్ ఇచ్చి చూడండి. లిబ్‌టెస్సరాక్ట్ ఎదురుగా లోకల్ లిబ్ కాకుండా ఎక్స్ 86 అండర్‌స్కోర్ 64 లైనక్స్ గ్నూ ఫోల్డర్ కనబడాలి. 'టెస్సరాక్ట్ హైఫన్ హైఫన్ లిస్ట్ హైఫన్ ల్యాంగ్స్' అంటే టెల్ రావాలి. వచ్చింది. అదే అడంగల్ స్కాన్ మళ్లీ ఇద్దాం... చదువుతోంది.

టెస్సరాక్ట్ వాడుకునే బొమ్మల లైబ్రరీ లెప్టోనికా కూడా సోర్సు నుంచే ఎక్కించి ఉంటే దానికి వేరే జాబితా చేసి ఇదే స్క్రిప్టు నడపండి, కానీ టెస్సరాక్ట్ తీసినాకే. ఈసారి మళ్లీ సోర్సు నుంచి కట్టాల్సి వస్తే కాన్ఫిగర్‌కు ప్రిఫిక్స్ ఆప్ట్ అనే డైరెక్టరీ కింద టెస్సరాక్ట్ అని వేరే ఫోల్డర్ ఇవ్వండి. ఇది ఆప్ట్ కమాండ్ కాదు, రూట్ కింద ఉండే ఓపీటీ ఫోల్డర్. వద్దనుకున్నప్పుడు ఆ ఒక్క ఫోల్డర్ తీస్తే సరిపోతాది, ఈ జాబితా పనేదీ ఉండదు.