వెల్డింగ్ పొగలో ఏ లోహం ఎంత? కాలర్ దగ్గరే కొలిచే పరికరాలు

[దృశ్యం: విశాఖపట్నం, గాజువాక ఆటోనగర్. సాయంత్రం, ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డు. అరచేతిలో గుండ్రటి ఫిల్టరు, బాగా దగ్గరగా.]

ఈ ఫిల్టరు చూడండి. అడ్డంగా 37 మిల్లీమీటర్లు. పొద్దున్న పెట్టినప్పుడు మల్లెపువ్వులా ఉంది. ఇప్పుడు నడిమధ్యన తుప్పు రంగు తిరిగింది. ఎనిమిది గంటలు ఇది మా మావయ్య చొక్కా కాలర్‌కి ఉంది. ఆయన ఇక్కడే ముప్పై ఏళ్లుగా వెల్డర్.

పని దిగాక మావయ్య రోజూ ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకుంటారు. పొగంతా కడుక్కుపోతుందని నమ్మకం. నేను వద్దనను, బెల్లం మంచిదే. కానీ బెల్లం వెళ్లేది కడుపులోకి, పొగ వెళ్లింది ఊపిరితిత్తుల్లోకి. ఆ పొగలో ఏ లోహం ఎంత ఉందో తెలిస్తే కదా, ఏం చేయాలో తెలిసేది.

[దృశ్యం: మండుతున్న రాడ్డు, పైకి లేస్తున్న పొగ. వేగం తగ్గించి.]

వెల్డింగ్ పొగలో ఎక్కువ భాగం రాడ్డు నుంచే వస్తుంది. రాడ్డులో ఇనుముతో పాటు మాంగనీస్ అనే లోహం ఉంటుంది. ఇనుము 2860 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగితే, మాంగనీస్ 2060 దగ్గరే మరిగిపోతుంది. అందుకే అది ముందే ఆవిరై పొగలోకి ఎక్కువగా చేరుతుంది. ఆ ఆవిరి చల్లబడి, మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా చిన్న రేణువులుగా మారి, నేరుగా ఊపిరితిత్తుల అడుక్కి దిగుతుంది.

మాంగనీస్ మన ఊరికి కొత్త కాదు. 1933లో మన పోర్టు తెరిచిన కారణాల్లో మధ్య భారతం నుంచి వచ్చే మాంగనీస్ ఖనిజాన్ని ఓడలకెక్కించడం ఒకటి. అంతకు దాదాపు వందేళ్ల ముందే, 1837లో, స్కాట్లాండ్‌లో జాన్ కూపర్ అనే డాక్టర్ మాంగనీస్ ఖనిజం నూరే కూలీల్లో కాళ్లు తడబడటం, మాట మెల్లబడటం గమనించి రాశారు. పార్కిన్సన్స్ లాంటి ఆ జబ్బు మెల్లగా వస్తుంది, వచ్చాక వెనక్కి తిప్పడం చాలా కష్టం. గాల్వనైజ్డ్ రేకు వెల్డింగ్ చేసిన రాత్రి చలిజ్వరం వస్తుంది చూశారా, అది జింకు పొగ వల్ల. అది ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది కాబట్టి మనకి తెలుస్తుంది. మాంగనీస్ అలా చెప్పి రాదు. నా భయమంతా అక్కడే.

[దృశ్యం: డబ్బా లాంటి పరికరం, స్క్రీన్ మీద అంకెలు మారుతూ.]

సరే, కొలవడం ఎలా? చాలామందికి ముందు కనిపించేది ఇది. ఆన్ చేస్తే క్షణాల్లో అంకె. లోపల ఒక లేజర్ కాంతి ఉంటుంది. దుమ్ము రేణువుల మీద పడి అది ఎంత చెదిరితే అంత దుమ్ము ఉందని లెక్క. మోసుకెళ్లడం తేలిక, వాడటం తేలిక. కానీ దీన్ని సాధారణంగా అమెరికాలోని అరిజోనా నేల దుమ్ముతో సరిచూస్తారు. ఆ దుమ్ము వేరు, వెల్డింగ్ పొగ వేరు. పైగా మన విశాఖ గాలిలో తేమ ఎక్కువ. రేణువులు నీరు పట్టి ఉబ్బితే అంకె ఉన్నదానికన్నా పెద్దగా చూపిస్తుంది. వన్‌టౌన్‌లో మేడ మీద ఆరేసిన బట్టల మీద పడే నల్ల దుమ్మునీ, సముద్రపు ఉప్పునీ, వెల్డింగ్ పొగనీ ఇది ఒకే గాటన కట్టేస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, ఇది లోహం పేరు చెప్పదు. ఫ్యాను తిప్పితే పొగ తగ్గిందా పెరిగిందా అని చూడటానికి మాత్రం చాలా బాగుంటుంది. దానికే వాడండి.

[దృశ్యం: బెల్టుకి చిన్న పంపు. వీపు మీదుగా ట్యూబు. కాలర్ దగ్గర ఫిల్టరు ఉండే డబ్బీ, అదే క్యాసెట్టు.]

లోహం కావాలంటే గాలిని ఫిల్టరు గుండా లాగాలి. ఈ పంపు నిమిషానికి 2 లీటర్లు లాగుతుంది. ట్యూబుని ముందు నుంచి వేయకండి, రాడ్డు పట్టుకున్న చేతికి తగులుతుంది. వీపు మీదుగా తెచ్చి, భుజం దగ్గర క్లిప్పు పెట్టి, క్యాసెట్టుని ముక్కుకి ముప్పై సెంటీమీటర్లలోపు ఉంచాలి. మూలన స్టాండు మీద పెడితే ఆ మూల గాలి తెలుస్తుంది, మనిషి పీల్చే గాలి తెలియదు.

మొదటి రోజు నేను తప్పు చేశాను. క్యాసెట్టు, మొహానికి పెట్టుకునే షీల్డు బయట ఉండిపోయింది. షీల్డు దించగానే పొగ దాని మీదుగా పక్కకి వెళ్లిపోతుంది, లోపల పీల్చేది వేరే. మావయ్యే చూసి అన్నారు: "ఒరే, నేను పీల్చేది ఈ షీల్డు లోపల కదరా, నువ్వు బయట కొలుస్తున్నావేంటి?" ఆ రోజు ఫిల్టరు పారేసి, మర్నాడు లోపలికి మార్చాం.

పంపు వేగాన్ని పని ముందు ఒకసారి, దిగాక ఒకసారి ఫ్లో మీటరుతో సరిచూడాలి. తేడా 5 శాతం దాటితే ఆ రోజు లెక్క నమ్మకండి. గాలి లాగని ఫిల్టరు ఒకటి కూడా వెంట ఉంచుకోవాలి. చేతుల నుంచి, ప్యాకింగ్ నుంచి అంటిన లోహం ఎంతో అదే చెబుతుంది.

ఇప్పుడు లెక్క. నిమిషానికి 2 లీటర్ల చొప్పున 480 నిమిషాలకి 960 లీటర్లు, అంటే 0.96 ఘనపు మీటర్లు. ఫిల్టరు మీద 96 మైక్రోగ్రాముల మాంగనీస్ దొరికిందనుకోండి. ఘనపు మీటరుకి 0.1 మిల్లీగ్రాము. ఇది ఎక్కువా తక్కువా? 1987లో మన ఫ్యాక్టరీల చట్టంలో చేర్చిన పట్టికలో మాంగనీస్ పొగకి ఎనిమిది గంటల పరిమితి ఘనపు మీటరుకి 1 మిల్లీగ్రాము అని రాశారు. దానితో చూస్తే పదో వంతే. అమెరికాలోని ఏసీజీఐహెచ్ అనే వృత్తి ఆరోగ్య సంస్థ 2013లో, లోతుగా దిగే సన్న రేణువులకి సూచించింది 0.02 మిల్లీగ్రాము. ఆ పట్టిక పరిమితిలో యాభయ్యో వంతు! ఆ సన్న రేణువుల్నే విడిగా పట్టాలంటే క్యాసెట్టు ముందు పెద్ద రేణువుల్ని ఆపేసే సైక్లోన్ అనే చిన్న భాగం తగిలించాలి. నన్నడిగితే మా మావయ్య విషయంలో నేను చూసుకునేది ఆ చిన్న అంకెనే.

[దృశ్యం: తుపాకీ ఆకారంలో పరికరం, స్టాండులో బిగించి. కింద ఫిల్టరు.]

ఫిల్టరుని ల్యాబ్‌కి పంపితే ఆసిడ్‌లో కరిగించి లోహాలన్నీ విడివిడిగా కొలుస్తారు. అది గట్టి లెక్క. కానీ రిపోర్టు వచ్చేసరికి ఆ పని అయిపోతుంది, మనుషులు వేరే సైట్‌కి వెళ్లిపోతారు. ఈ పరికరం ఆ లోటు తీరుస్తుంది. పేరు ఎక్స్ఆర్ఎఫ్. కురుపాం మార్కెట్‌లో బంగారం క్యారెట్ చూసే మిషను తెలుసు కదా, అదే సూత్రం. ఎక్స్-రే తగలగానే ప్రతి లోహం తనదైన ఎక్స్-రే వెనక్కి పంపుతుంది. మాంగనీస్‌ది 5.9 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి, ఇనుముది 6.4. ఆ అంకెని బట్టి ఏ లోహమో, దాని బలాన్ని బట్టి ఎంతో తెలుస్తుంది. నిమిషాల్లో పని. ఫిల్టరు పాడవదు, తర్వాత ల్యాబ్‌కీ పంపొచ్చు. సీసానికైతే అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ నియాష్ దీనికి పద్ధతి కూడా రాసింది. మరక నడిమధ్యనే ఎక్కువ పడుతుంది కాబట్టి ఫిల్టరు మీద మూడు చోట్ల చూడమంటుంది.

ఒక చిక్కుంది. స్టెయిన్‌లెస్ స్టీలు పొగలో క్రోమియం ఉంటుంది. అది పంపే రెండో ఎక్స్-రే 5.95 దగ్గర, అంటే మాంగనీస్ పక్కనే పడుతుంది. పరికరం ఒకదాన్ని ఇంకొకటి అనుకోవచ్చు. పైగా క్యాన్సర్ తెచ్చే ఆరు వేలెన్సీ క్రోమియాన్ని మామూలు క్రోమియం నుంచి ఇది వేరుచేయలేదు. దానికి పీవీసీ ఫిల్టరు, విడిగా ల్యాబ్ పరీక్ష తప్పవు. పరికరాన్ని ఎప్పుడూ చేతి వైపు, మనిషి వైపు తిప్పకండి. లోపల ఉన్నది నిజమైన ఎక్స్-రే.

పాత బ్యాటరీలు విప్పేచోట సీసానికి ఇంకో చిన్న పెట్టె ఉంది: ఫిల్టరుని పలచటి నైట్రిక్ ఆసిడ్‌లో కదిలించి ఎలక్ట్రోడ్‌తో చూస్తారు. పాదరసం ఆవిరి మాత్రం ఈ ఫిల్టర్లకి చిక్కదు. దానికి బంగారు పొర ఉన్న పరికరం కావాలి. పాదరసం ఆ పొరకి అంటుకోగానే కరెంటుకి నిరోధం మారుతుంది, ఆ మార్పే రీడింగ్.

[దృశ్యం: మళ్లీ అదే షెడ్డు. మావయ్య ఫ్యాను జరుపుతూ.]

ఇంతవరకు ఈ ఫ్యాను మావయ్య వెనక ఉండేది. గాలి వీపుకి తగిలి, ముందు సుడి తిరిగి, పొగ మొహంలోకే వచ్చేది. ఇప్పుడు పక్కకి మార్చాం. రేపు పొద్దున్న ఏడున్నరకి అదే పంపు, అదే రాడ్డు, అదే మనిషి, కొత్త ఫిల్టర్లు. భోజనాల వేళకి ఒక ఫిల్టరు, పని దిగాక ఇంకొకటి తీసి, రెండూ మావయ్య ముందే ఎక్స్ఆర్ఎఫ్ కింద పెడతాం. అంకెలు ముందు ఆయనకే చూపిస్తాం.